మూడో మూలుగు

పోయిన వారం మనం సియాలేని ఒక కుర్చీ ముందు వదిలి వచ్చాం. ఆ కుర్చీలో కూర్చుంటే పరీక్ష మొదలవుతుంది. కూర్చోకపోతే దొంగనని ఒప్పుకున్నట్టే.

సియాలేకి నలభై ఏడేళ్ళు. ఒటహుహు పేట మీదుగా తిరిగే సిటీ బస్సు నడుపుతుంది. 'ఏడో వలయం' అనే ఆటలో ఆరు అంతస్తులూ ఒకే ప్రాణంతో ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో దిగి రావడం ఆమె చేసిన నేరం. శనిగ్రహం చుట్టూ తిరిగే పాడుబడ్డ గనిలోకి తుపాకి పట్టుకుని దిగాలి. అంతస్తుకో రకం శత్రువులు కాచుకుని ఉంటారు. అంత తక్కువ సమయంలో అంతవరకు ఎవరూ దిగలేదు. పాత రికార్డు బ్రెట్ అనే పాతికేళ్ళవాడిది. రికార్డు పోయిన వారానికే అతను ఫిర్యాదు రాశాడు. దొంగ ప్రోగ్రాం పెట్టుకుని గురి చూసిందన్నాడు. పోటీల సంఘం ఆమె పేరు కొట్టేసింది. ఆమెతో పాటు, ఆ రికార్డుతోనే మేనకోడలు లూపే జట్టుకి సిడ్నీ ఫైనల్స్‌లో దక్కిన చోటు కూడా పోయింది. తరవాత సంఘం ఒక కాగితం పంపింది. తప్పు చేశానని సంతకం పెడితే జట్టుని సిడ్నీ వెళ్ళనిస్తారట. అన్న సెమిసి చర్చిలో పెద్దమనిషి. "పెట్టేయవే, ఇంటి పరువు ఇంతటితో ఆగుతుంది" అన్నాడు. సియాలే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గడగడలాడే బస్సు కిటికీ సందులో కుక్కింది. అందరి ముందూ పరీక్ష పెట్టమంది.

ఆ పరీక్షే ఇది. మానుకావు హాల్లో, శనివారం పొద్దున పదకొండు గంటలకి.

సియాలే కూర్చుంది.

హాలు కిటకిటలాడుతోంది. ఒక పక్కంతా ఆట కుర్రకారు, రంగురంగుల చొక్కాలతో. రెండో పక్క బస్సు డిపో మనుషులు, మాంగెరె తోంగా చర్చి ఆడవాళ్ళు. వాళ్ళు విసనకర్రలతో పాటు డబ్బాల నిండా పానికేకెలనే తీపి బూరెలు వేయించి తెచ్చుకున్నారు. ఆ నూనె వాసన వేదిక మీదికి కూడా వస్తోంది.

బల్ల పక్కన న్యాయనిర్ణేత నైరీ నిలబడి ఉంది. జుట్టు తెల్లబడిన మావోరీ ఆవిడ. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పి, ఇప్పుడు సంఘంలో తగవులు తీరుస్తోంది. నవ్వు లేదు, కోపమూ లేదు.

"యంత్రం మాది. మౌస్ మాది. హెడ్‌ఫోన్లు మావి. నీవి చేతులు మాత్రమే" అంది నైరీ. "నలభై అయిదు నిమిషాలు. ఒకే ప్రాణం. మధ్యలో ఆపితే పరీక్ష రద్దు. మళ్ళీ మూడు నెలల తరవాతే."

"మూడు నెలలకి సిడ్నీ పోటీలు అయిపోతాయి కదమ్మా."

"అవును."

"అయితే ఆపను."

వెనక కుర్చీలో కూర్చున్న లూపే ముందుకి వంగి, మేనత్త కుడి మణికట్టుకి పట్టీ చుట్టింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, సెమిసి పెద్దకూతురు. పొద్దుట్నుంచీ ముక్తసరిగానే మాట్లాడుతోంది.

"బిగువుగా ఉందా అత్తా?"

"బానే ఉంది. నీ మొహమేంటే అలా పీక్కుపోయింది? నువ్వా ఆడేది, నేనా?"

లూపే నవ్వబోయి, పట్టీ చివర లోపలికి దోపింది.

వేదిక రెండో చివర, మైకు ముందు బ్రెట్ ఉన్నాడు. ఫిర్యాదు అతనిదే, ఇవాళ్టి వ్యాఖ్యానమూ అతనిదే. ఆ ఏర్పాటు నైరీకి నచ్చలేదు. కాని సంఘం మాట ఆమె కాదనలేకపోయింది.

"సోదర సోదరీమణులారా" అన్నాడు బ్రెట్. "ఇవాళ మన బస్సు డ్రైవరమ్మగారు శనిగ్రహానికి బయల్దేరుతున్నారు. దయచేసి ఎక్కేవాళ్ళు ముందు నుంచి, దిగేవాళ్ళు వెనక నుంచి!"

కుర్రకారు గొల్లున నవ్వింది. డిపో వరసల్లోంచి కెపు లేచాడు. సియాలే తరవాతి బస్సు అతనిది. గుమ్మమంత మనిషి.

"నువ్వు నిలబడే ప్రయాణం చెయ్యాలిరా అబ్బాయ్! సీట్లన్నీ పెద్దవాళ్ళకి!"

ఈసారి ఆడవాళ్ళ విసనకర్రలు ఊగాయి. నైరీ చెయ్యెత్తింది. తెర మీద ఇనప తలుపు కిర్రున తెరుచుకుంది.

మొదటి అంతస్తులో పీతలు. ఆట తయారుచేసినవాళ్ళు వాటికేదో పొడుగాటి పేరు పెట్టారు. సియాలేకి మాత్రం అవి పీతలే. గనిలో రాళ్ళు మోయడానికి చేసిన యంత్రాలు, యజమానులు వదిలేసి పోతే పిచ్చెక్కినవి. వంద వస్తాయి. రెండొందలు వస్తాయి. నేరుగా రావు, అడ్డంగా పరుగెత్తుకొస్తాయి. కొత్తవాళ్ళు వెనక్కి జరుగుతూ డిప్పల మీద కాలుస్తారు. గుళ్ళయిపోతాయి, గోడ వీపుకి తగులుతుంది, అంతే సంగతులు.

సియాలే వెనక్కి జరగలేదు. గుంపు మధ్యకి నడిచింది. సాయంత్రం అయిదింటికి, స్కూళ్ళూ ఫ్యాక్టరీలూ ఒకేసారి వదిలినప్పుడు, ఒటహుహు కూడలిలో పన్నెండు మీటర్ల బస్సుని ఎవరికీ తగలకుండా మలుపు తిప్పే మనిషికి ఇదీ ఒక రద్దీయేనా! ముందు వచ్చే పీత ముందు కాలు ఒక్కటి కాల్చింది. అది తూలి పక్కదాని మీద పడింది. పక్కది దాని పక్కదాని మీద. అడ్డంగా పరుగెత్తే మందలో ఒకటి పడితే పదహారు పడతాయి. పడ్డవాటి మధ్యనుంచి ఆమె దారి చేసుకుని మెట్లు దిగింది.

"అదృష్టం" అన్నాడు బ్రెట్ మైకులో.

"మొదటి స్టాపు" అని అరిచాడు కెపు.

రెండో అంతస్తులో డాలుగాళ్ళు. మనిషెత్తున ఇనప డాళ్ళు పట్టుకుని అయిదుగురు ఒకే వరసలో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తారు. ఎదురుగా ఎంత కాల్చినా డాలు మీద నిప్పురవ్వలే. బ్రెట్ ఈ అంతస్తులో గోడల మీద పరుగెత్తుతూ వాళ్ళ వెనక్కి దూకుతాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానికి ఇరవయ్యేళ్ళ వేళ్ళు కావాలి. సియాలే వేళ్ళకి అంత చురుకు లేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

ఆమె ఒక స్తంభం వెనక నిలబడి, ఖాళీ గుళ్ళపెట్టెని దూరంగా, వాళ్ళ వెనక గోడకేసి విసిరింది. టంగుమంది. అయిదుగురూ ఒక్కసారి అటు తిరిగారు. డాలు ఎంత పెద్దదైనా ఒక పక్కే కదా. అయిదు వీపులు. అయిదు గుళ్ళు.

"బెల్లు కొట్టింది, దిగిపోయారు" అంది చర్చి ఆడవాళ్ళలో ఒకావిడ. అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్న ఆట కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఆ మాటకి నవ్వేశారు.

పన్నెండు నిమిషాలు గడిచాయి. ప్రాణపు గీత తెర మూలన నిండుగా పచ్చగా ఉంది. సియాలే మూడో అంతస్తు తలుపు తోసింది.

ఎడమ చెవిలో ఏమీ వినపడడం లేదు.

మూడో అంతస్తువాళ్ళు కంటికి కనపడరు. వాళ్ళని ఊపిరిగాళ్ళు అంటారు. గాలిలో గాలిలా దగ్గరికొచ్చి మెడ మీద కత్తి పెడతారు. వాళ్ళ గుట్టు చెప్పేది ఊపిరి ఒక్కటే. ఎడమ నుంచి వస్తే ఎడమ చెవిలో, కుడి నుంచి వస్తే కుడి చెవిలో సన్నగా బుస వినిపిస్తుంది. ఆ బుసని బట్టి కాల్చాలి. ఒక చెవి పోయిందంటే సగం గది పోయినట్టే. పై రెండు అంతస్తుల మోతలో తీగ తెగిన సంగతి తెలియలేదు. ఈ నిశ్శబ్దంలో తెలిసింది.

"అమ్మా నైరీ, ఎడమ పక్క పలకడం లేదు!"

నైరీ రెండంగల్లో వచ్చి తీగ కదిపింది. లాభం లేకపోయింది. ఆమె నొసలు ముడిపడింది. "మా తప్పే. ఆపమంటే ఆపుతాను. కాని నియమం నియమమే."

"మూడు నెలలు."

"మూడు నెలలు."

"ఆపేద్దామా డ్రైవరమ్మా?" అన్నాడు బ్రెట్. "బండి పాడైతే ప్రయాణికులు అర్థం చేసుకుంటారు."

ఆ మాట పూర్తి కాకుండానే సియాలే మెడ మీద కత్తి పడింది. తెరంతా ఎర్రబడింది. ప్రాణపు గీత మూడో వంతు పోయింది. ఇంకో వేటు వీపు మీద. సగానికి పడిపోయింది. చర్చి వరసల్లోంచి "ఓయొయ్యే!" అని ఒక్కసారి కేక లేచింది.

సియాలేకి కోపం వచ్చింది. కాని ఆ కోపం వేళ్ళలోకి దిగలేదు, వెన్నులోకి దిగింది. నిటారుగా కూర్చుంది. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపింది. ఎడమ అద్దం పగిలిపోయిన రోజున బస్సు డిపోకి చేరలేదా? మెడ తిప్పి నడుపుకొచ్చింది.

ఆటలో తన ఒంటిని నెమ్మదిగా, గడియారం ముల్లులా, గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. ఉన్న ఒక్క కుడి చెవీ గదినంతా ఊడ్చుకుంటూ పోయింది. బుస పెరిగిన చోట ఆగింది. కాల్చింది. ఎవరూ లేనిచోట నల్లటి ఒళ్ళొకటి కూలింది. మళ్ళీ తిరిగింది. ఆగింది. కాల్చింది. హాల్లో విసనకర్రలు ఆగిపోయాయి. ఆమె ఒంటి చెవికి సాయంగా అంతమంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎనిమిది ఒళ్ళు కూలాక తలుపు తెరుచుకుంది.

బ్రెట్ మైకు పక్కకి జరిపి నీళ్ళు తాగాడు.

నాలుగో అంతస్తు ముందు నైరీ ఒక అడుగు ముందుకి వేసింది. ఆమె చేతిలో బ్రెట్ రాసిన ఫిర్యాదు ఉంది.

"ఆడుతూనే విను సియాలే. ఫిర్యాదుకి ప్రాణమంతా ఈ అంతస్తులోనే ఉంది. నీ రికార్డు వీడియోలో ముప్ఫై ఒకటో నిమిషంలో నువ్వు ఒక ఖాళీ గోడకి గురిపెట్టావు. రెండు సెకన్ల తరవాత అదే గోడలో తలుపు తెరుచుకుంది, అందులోంచి నర్సు వచ్చింది, వస్తూనే నీ గుండు తగిలి చచ్చింది. ఆ గదిలో అలాంటి తలుపులు తొమ్మిది. ఏది తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు. నీకెలా తెలిసింది?"

"చెప్పమ్మా" అన్నాడు బ్రెట్. గొంతులో ధీమా తిరిగొచ్చింది. "గోడ వెనకాల ఉన్నది కనపడే కళ్ళద్దాలు ఎక్కడ కొన్నావో చెప్పు. మేమూ కొనుక్కుంటాం."

నర్సు నాలుగో అంతస్తు శత్రువు. అది ఎవరినీ కొట్టదు. చూడ్డానికి పొడుగాటి తెల్లటి చేతులున్న నీడలా ఉంటుంది. ఇక్కడికీ వచ్చే పీతలూ డాలుగాళ్ళూ కింద పడితే వాళ్ళని చకచకా కుట్టి మళ్ళీ లేపుతుంది. నువ్వు పదిమందిని పడగొట్టు, అది పన్నెండుమందిని లేపుతుంది. అది బతికున్నంతసేపు యుద్ధం తెమలదు. తలుపులోంచి వచ్చిన మొదటి క్షణంలోనే కొట్టాలి. తరవాత దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

"కళ్ళద్దాలు కాదు" అంది సియాలే. చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఎదురొచ్చిన డాలుగాళ్ళని స్తంభాల మధ్య తిప్పుతోంది. "నేను గోడ వెనకాల ఏదీ చూళ్ళేదు. నేను పిలిచాను, అది వచ్చింది."

"పిలిచావా?"

"చూడండి."

పీతలు వచ్చాయి. అన్నిటినీ చంపింది, ఒక్కదాన్ని తప్ప. ఆ ఒక్కదాని కాళ్ళన్నీ తీసేసి డొప్పని మాత్రం ప్రాణంతో వదిలింది. తుపాకి మడమతో దాన్ని నెట్టుకుంటూ గది ఆ చివరికి, ఏడో తలుపు ఉన్న గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. డాలుగాళ్ళ దెబ్బ ఒకటి భుజానికి తగిలింది. గీత ఇంకొంచెం తగ్గింది. ఆమె పట్టించుకోలేదు.

"పడ్డవాళ్ళలో ఎవరు ఎక్కువ బాధలో ఉంటే వాళ్ళకి దగ్గరున్న తలుపులోంచే నర్సమ్మ వస్తుంది. చచ్చినవాళ్ళ దగ్గరికి తరవాతే వెళ్తుంది. ముందు మూలిగేవాళ్ళ దగ్గరికి. అందరూ అన్నిటినీ చంపేస్తారు కాబట్టి ఏ తలుపు తెరుచుకుంటుందో తెలీదు. నేను ఒకదాన్ని మూలగనిస్తాను."

తెర మీద పీత మూలిగింది. ఇనుము ఇనుముని రాసుకున్నట్టు సన్నటి చప్పుడు.

"ఇది నీకెవరు చెప్పారు?" అంది నైరీ.

"ఎవరూ చెప్పలేదమ్మా. మా అమ్మ నాలుగేళ్ళు మంచంలో ఉంది. పగలంతా మా వదిన, రాత్రిళ్ళు నేను. అమ్మకి మందిచ్చాక రెండు గంటలు నిద్ర. ఆ రెండు గంటలూ నేను చప్పుడు తగ్గించుకుని ఈ ఆట ఆడేదాన్ని. ఒక ఏడాదంతా ఈ నర్సమ్మని చంపబుద్ధి కాలేదు. ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని, ఎలా వస్తుందో, ఎవరి దగ్గరికి ముందెళ్తుందో. నవ్వుకుంటే నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు.

"మొదటి మూలుక్కి రాదు. రెండోదానికీ రాదు. మూడోదానికి వస్తుంది. నేనూ అంతే. అమ్మ ఒకసారి మూలిగితే కలేమో అనుకునేదాన్ని. రెండోసారి మూలిగితే చెవి పెట్టేదాన్ని. మూడోసారికి లేచి నిలబడేదాన్ని. ఈ ఆట చేసినవాళ్ళ ఇంట్లో ఎవరో మంచాన పడి ఉంటారు. లేకపోతే ఇది తెలిసే అవకాశం లేదు."

పీత రెండోసారి మూలిగింది.

"బ్రెట్" అని పిలిచింది సియాలే. అంతవరకు అతన్ని పేరు పెట్టి పిలవలేదు. "నా కళ్ళు ఎటున్నాయో చూసుకో. రేపు మళ్ళీ ఇంకో ఫిర్యాదు రాయకుండా."

గురిని ఏడో తలుపు మీద పెట్టింది. అప్పుడు తల తిప్పి, తెర వైపు వీసమెత్తు చూడకుండా, వేదిక అవతలి చివర ఉన్న బ్రెట్ కళ్ళలోకి సూటిగా చూసింది. బ్రెట్ మైకు వెనక కదిలాడు. ఆమె కళ్ళు మాత్రం కదల్లేదు.

పీత మూడోసారి మూలిగింది.

సియాలే మీట నొక్కింది.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆమెకి తెర చూడనక్కర్లేకపోయింది. హాలు చెప్పింది. డిపో వరసలు, చర్చి వరసలే కాదు, రంగురంగుల చొక్కాల పక్కనుంచి కూడా ఒక్కసారి హోరు లేచింది. కెపు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "టికెట్ కొట్టిందిరా! వాడి టికెట్ కొట్టేసింది!" ఏడో తలుపు గుమ్మంలో తెల్లటి పొడుగు చేతులు చాపుకుని నర్సు పడి ఉంది.

నైరీ చేతిలో కాగితం తిరగేసి, పెన్ను తీసి, పెద్దగా అడ్డగీత గీసింది. ఎంతైనా లెక్కల పంతులమ్మ. తప్పయిన లెక్కని ఎలా కొట్టాలో తెలుసు.

"గోడ గురించిన ఆరోపణ నిలబడదు" అంది, మైకు అక్కర్లేని గొంతుతో. "ఈ మనిషి గోడ వెనకాల చూడలేదు. మనం చూడనిది చూసింది. మిగతా రెండు అంతస్తులూ పరీక్ష నియమం కాబట్టి ఆడాలి. కాని ఈ మాట ఇక్కడితో అయిపోయింది."

బ్రెట్ తల వంచుకున్నాడు. అతని చెవులు ఎర్రగా కమిలిపోయాయి. మైకు దగ్గరికి తీసుకుని, "నాకు... నాకు తెలీదు, అలా వస్తుందని" అన్నాడు. వ్యాఖ్యానంలా లేదు ఆ మాట.

సియాలేకి వెనక్కి తిరిగి లూపే మొహం చూడాలనిపించింది. ఈ గెలుపులో సగం దానిదే. కాని అయిదో అంతస్తు తలుపు అప్పటికే తెరుచుకుంటోంది.

అయిదో అంతస్తుకి పైకప్పు లేదు. నల్లటి ఆకాశంలో శనిగ్రహం వలయం వంపు తిరిగి ఉంటుంది. దాని కింద టేకుచేపల్లాంటి వెడల్పాటి ప్రాణులు తేలుతుంటాయి. వీపంతా రాయి. పొట్ట మాత్రం మెత్తన. పారిపోయేవాణ్ణి పైనుంచి నిప్పు కురిపించి చంపుతాయి. నిలబడ్డవాడి మీదికి మాత్రం, వీడెవడో చూద్దామన్నట్టు, కిందకంటా వాలతాయి. వాలినప్పుడే పొట్ట కనిపిస్తుంది. ఇదంతా ఆడేవాళ్ళందరికీ తెలిసిన విషయమే. తెలిసినా పరుగెత్తుతారు. తల మీదికి అంత పెద్ద నీడ దిగుతుంటే కాళ్ళు నిలవవు.

సియాలే నిలబడింది. దొంగవని ముప్ఫై ఏడు రోజులుగా అందరూ వేలెత్తి చూపుతుంటే అదే రూట్లో, అదే బస్సులో, అదే స్టాపుల్లో ఆగుతూ తిరిగింది. మొదటి చేప వాలింది. పొట్ట. కాల్చింది. రెండోది. మూడోది. నాలుగోదాని తోక కొరడాలా వచ్చి తగిలింది. గీత ఎర్రబడి, సన్నటి దారప్పోగంత మిగిలింది. అయిదోదాని పొట్టలోకి గుండు దింపి, ఆమె నిచ్చెన దిగింది.

ముప్ఫై ఆరు నిమిషాలు. ఒక దెబ్బకి సరిపోయే ప్రాణం. ఇంకొక్క అంతస్తు.

ఆరో అంతస్తులో ఒకే ఒక్క శత్రువు. దాని పేరు నకలు. అయిదు అంతస్తుల్లోనూ నువ్వు ఎలా నడిచావో, ఎటు తిరిగావో, ఎప్పుడు ఆగావో అన్నీ చూసి, నీలాగే తయారై ఎదురొస్తుంది. బ్రెట్‌కి బ్రెట్ ఎదురొస్తాడు. సియాలేకి సియాలే. ఆమెకి ఇది భయం లేని అంతస్తు. తన నకలు పరుగెత్తదు. నిలబడుతుంది. నిలబడేవాళ్ళని ఎలా కదిలించాలో తనకి తెలుసు.

గుండ్రటి గది. ఎదురుగా తలుపు లేచింది. తనలాంటి కవచమే తొడుక్కుని నకలు బయటికొచ్చింది.

అది నిలబడలేదు.

కుడికి రెండడుగులు. అరక్షణం ఆగడం. నేల కరుచుకుని ఎడమకి జారడం.

సియాలే స్తంభం వెనక్కి దూకింది. ఆమె తల ఉన్నచోట గోడ పగిలి రాలింది.

ఆ అడుగులు తనవి కావు. తను ఎప్పుడూ అలా జారదు, మోకాలు అరిగిన మనిషి ఆటలో కూడా మోకాలు చూసుకునే ఆడుతుంది. కాని ఆ అడుగులు తనకి కొత్తవీ కావు.

సహాయకుడొకడు గబగబా వేదిక మీదికొచ్చి నైరీ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె మొహం మారిపోయింది.

"సియాలే, అది యంత్రం కాదు. నకలు ఒంట్లోకి మనిషి దూరే దారొకటి ఈ ఆటలో ఉంది. పరీక్ష కోసం దాన్ని మూయించాను. ఎవరో ఇప్పుడే తెరిచారు. ఈ హాల్లోని యంత్రం మీదనుంచే ఆడుతున్నారు."

అందరి తలలూ బ్రెట్ వైపు తిరిగాయి. సియాలే తల కూడా. బ్రెట్ రెండు చేతులతో మైకు పట్టుకుని, నోరు తెరుచుకుని తెర వైపే చూస్తున్నాడు. అందరూ తన వైపు చూస్తున్నారని తెలిసి, ఖాళీ అరచేతులు పైకెత్తి చూపించాడు.

"నేను కాదు! ఒట్టు, నేను కాదు!"

అతను కాదు. సియాలేకి ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. కుడికి రెండు, ఆగు, ఎడమకి జారు. మాంగెరె ఇంట్లో, ముందు గదిలో, చాప మీద పక్కపక్కన కూర్చుని ఆ అడుగు తను ఒకే ఒక్కరికి నేర్పింది. "నా మోకాలికి రాదే, నీకొస్తుంది, నువ్వు నేర్చుకో" అంటూ నేర్పింది.

వెనక్కి తిరిగింది. లూపే కుర్చీలో జట్టు పేరు కుట్టిన చొక్కా ఒక్కటే వేలాడుతోంది.

తోంగా ఇళ్ళల్లో మేనత్త మాటకి ఎదురుండదు. ఆమె కంచంలోది ముట్టుకోరు, ఆమె ముందు గొంతెత్తరు. ఇక ఆమె మీదికి ఆయుధం ఎత్తడమా! ఆటలోనైనా సరే, అలాంటిది ఆ హాల్లో ఎవరూ కనీ వినీ ఎరగరు.

నకలు గది మధ్యలో ఆగింది. తుపాకి ఎత్తి ఉంది, కాని కాల్చడం లేదు. తెర అడుగున, ఆటగాళ్ళు ఒకరికొకరు రాసుకునే చోట, ఒక్కొక్క అక్షరమే పడటం మొదలైంది. తోంగా భాషలో.

*పడిపో అత్తా. నాన్న పొద్దున్నే ఇంకో కాగితం తెచ్చి, నీ పేరున తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టేశాడు. నువ్వు గెలిస్తే దొంగ నాన్నే అవుతాడు.*

చర్చి వరసల్లో విసనకర్రలు ఒళ్ళో పడిపోయాయి. కెపు కుర్చీ మీదనుంచి మెల్లగా దిగాడు. హాల్లో సగంమందికి ఆ అక్షరాలు అర్థమయ్యాయి. మిగతా సగం వాళ్ళ మొహాలు చూస్తోంది.

"ఏమని రాసుంది?" అంది నైరీ. "ఎవరైనా చెప్పండి. ఏమని రాసుంది?"

చర్చి ఆడవాళ్ళు తలలు దించుకున్నారు.

"పరీక్ష ఆపుతున్నాను సియాలే. ఇది అన్యాయం. ఈసారి మూడు నెలల నియమం నేను ఒప్పుకోను."

"వద్దమ్మా" అంది సియాలే. "అదేం లేదు. ఇంటి మాట."

ఆమె స్తంభం వెనకనుంచి బయటికొచ్చింది. దాక్కోలేదు, వంగలేదు. దారప్పోగంత ప్రాణంతో, గది మధ్యకి, తన మేనకోడలి ఎదురుగా వచ్చి నిలబడి, తుపాకి ఎత్తింది.